గేటు దాటని గుండీలు

"ఇదేంటండీ, రెండూ ఎడమ చేతులేనా?"

ముందుగదిలో నిలువుటద్దం ఎదుట నిలబడ్డ స్కూలు టీచరు తన కుడి భుజం చూపించింది. కొత్త గౌను అక్కడ పిండిన తువ్వాలులా మెలితిరిగి ఉంది.

అత్తగారు కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని చూశారు. పైకి తోసుకుని మళ్ళీ చూశారు. కత్తెర పట్టిన నాటి నుంచి ఆవిడ కుట్టిన ఏ బట్టకూ ఇలాంటి గతి పట్టలేదు.

"విప్పి ఇవ్వమ్మా. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళు."

"తొందరేం లేదులెండి. ఒంట్లో బాగాలేదా?"

"నా ఒంటికేం? గుండ్రాయిలా ఉన్నాను. పిలిస్తే రాని వాళ్ళ కోసం పనులు మానుకుని కూర్చుంటే ఇలాగే అవుతుంది."

టీచరుకి అర్థం కాలేదు. తలుపు దగ్గర టీ గ్లాసుతో నిలబడ్డ కొత్తకోడలికి మాత్రం బాగా అర్థమైంది.

మామూలుగా ఆమెకు నవ్వు రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ప్రతిదీ ముద్దుగానే ఉంది. లాగితే గలగలమనే బాబిన్ల సొరుగు, అత్తగారి చెవి వెనక ఎప్పుడూ ఉండే నీలం చాక్ ముక్క, ఎంత నొక్కినా మూత పడని చక్కెర డబ్బా. కానీ ఆదివారం నుంచి ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. అదైనా కోపంగా తిరుగుతోంది.

ఆదివారం పొద్దున అత్తగారు మంచి బట్టలు కట్టుకుని, బట్టలు కత్తిరించే బల్ల మీద ఫోను నిలబెట్టుకుని కూర్చున్నారు. తెర మీద బూడిదరంగు చుక్క ఒకటి ఉంది. అవతల తన అక్క ఆటలోకి రాగానే అది ఆకుపచ్చగా మారాలి. అన్నం వేళ దాటింది. చుక్క మారలేదు. అత్తగారు ఫోను ఆపేసి, గుడ్డపీలికల బుట్టలో పడేసి లేచిపోయారు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకప్పుడు ఒకే దుకాణం నడిపారు. బేరాలు లేని మధ్యాహ్నాలు ఆ బల్ల మీదే చాక్‌తో గళ్ళు గీసి, విడి గుండీలతో ఒక ఆట కనిపెట్టుకున్నారు. మధ్య గడి పేరు కాజా. గుండీ కాజాలో పడితే గెలిచినట్టు. మొదటి ఎత్తు మాత్రం ఎప్పుడూ అక్కదే. ఆ తర్వాత ఎవరిదో పెళ్ళిబట్ట తప్పు కోతపడింది. నువ్వు కోశావంటే నువ్వు కోశావనుకున్నారు. బల్ల చెల్లెలికి, మిషన్లు అక్కకి వచ్చాయి. ఆట ఎవరికీ రాలేదు. మాటలు పోయాయి.

కొత్తకోడలి పెళ్ళికి కూడా ఆ అక్క, అంటే ఆమెకు పెద్దత్తయ్య, రాలేదు. ఫొటో ఒకటి ఎవరిచేతో తెప్పించుకుని, దాన్ని చూసే కొలతలు అంచనా కట్టి, కొత్తకోడలికి లేతాకుపచ్చ చొక్కా కుట్టి పంపారు. తొడుక్కుంటే ఒంటికి పోతపోసినట్టు సరిపోయింది! అత్తగారు ఆ చొక్కా తిరగేసి చూసి, "కాజాలు ఇంకా చేత్తోనే కుడుతోంది," అని ఊరుకున్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని కోడలు అల్లుకుపోయింది. పెద్దత్తయ్యకు ఫోను చేసింది, బతిమాలింది, నవ్వించింది. చివరికి ఒక షరతు మీద ఒప్పించింది. "మాట్లాడను. ఆడతాను," అన్నారు పెద్దత్తయ్య.

అందుకే మొగుడూ పెళ్ళాలు కలిసి ఫోనులో గుండీలాట తయారుచేశారు. ఆ ఆటకే ఇప్పుడు ఈ గతి పట్టింది.

"పెద్దమ్మకి నొక్కడం తెలిసి ఉండదు," అన్నాడు భర్త, వంటింట్లో గొంతు తగ్గించి. అతను ఆసుపత్రి బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసే మనిషి. ఆట రాయడం ఇదే మొదలు. "ఆవిడ ఫోను కూడా తాతలనాటిది."

"నొక్కడం నేనే నేర్పాను. అన్నీ సరిగ్గానే నొక్కారు. ఫోను పెనంలా కాలుతోందమ్మా అని మాత్రం అన్నారు."

"అయితే రాలేదేమో. అమ్మ అన్నట్టు..."

"నువ్వు కూడా అదే మాటంటావా?"

ఆమె సంచీ తీసుకుని రొట్టె దుకాణానికి బయల్దేరింది. గడపలో వెనక్కి తిరిగి, ఎంతైనా కొత్త పెళ్ళికూతురు కదా, "ఒక ఆట వేద్దామా? నడుస్తూ ఆడతాను," అంది. అలిగినా ఆట మానుకోలేని జంట అది. ఇన్నాళ్ళూ వంటింటికీ పడకగదికీ మధ్య, మేడకీ ముందుగదికీ మధ్య ఎన్ని ఆటలు ఆడారో! గుండీ కాజాలో పడితే టక్కుమంటుంది. ఆ చప్పుడు వినడానికే ఆమె ఒక్కోసారి ఓడిపోయేది.

మెట్లు దిగుతూ ఒక ఎత్తు వేసింది. పూలకుండీ దగ్గర ఇంకొకటి వేసింది. గేటు తీసుకుని వీధిలోకి వచ్చేసరికి భర్త చుక్క బూడిదరంగులోకి తిరిగింది.

వెనక్కి అడుగేసింది. ఆకుపచ్చ.

ముందుకి వేసింది. బూడిద.

కాస్త దూరం పోయి, తిరిగి వచ్చి, గేటు లోపలికీ బయటికీ ఊయల ఊగినట్టు తిరుగుతుంటే ఎదురింటి ముసలాయన కిటికీలోంచి, "ఏం పోగొట్టుకున్నావమ్మా?" అని అడిగాడు.

"తెలిసిందండీ," అంది ఆమె. "ఎక్కడ పోయిందో ఇప్పుడే తెలిసింది."

పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. వాళ్ళ ఆట గేటే దాటలేదు.

రొట్టె లేకుండా తిరిగొచ్చిన భార్యని చూసి అతను మంచం మీంచి లేచాడు.

"గేటు దాటితే ఆట చచ్చిపోతోంది."

"సిగ్నల్ లేదేమో."

"నిండుగా ఉంది."

అతను ఫోను అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. అతని మొహంలో ఒక్కొక్క దీపమే ఆరిపోవడం ఆమె చూసింది.

"రెండు ఫోన్లూ మన ఇంటి వైఫైలోనే ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి," అన్నాడు నెమ్మదిగా. "బయటి ఫోనుకి దారే లేదు. మా ఆసుపత్రిలో అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. కౌంటర్లో కొడితే వార్డులో కనిపిస్తుంది. అదే అలవాటు. ఒక ఫోనులో వేస్తే ఇంకో ఫోనులో పడుతోంది కదా, ఆన్‌లైన్ అంటే ఇదేగా అనుకున్నాను."

"ఇంట గెలిచి కూర్చున్నామన్నమాట."

"ఎత్తిపొడవకు."

"నన్ను కూడా కలిపే అన్నాను. మేడ మీదికి కూడా వస్తోందని చప్పట్లు కొట్టింది నేనే కదా."

ఇద్దరూ మంచం అంచున కూర్చున్నారు. ముందుగదిలో మిషను తిరిగి తిరిగి ఆగింది.

"సరిచేయొచ్చు," అన్నాడు అతను. "ఈ ఇంజనులోనే బయటికి దారి వేసే పద్ధతి ఉంది. నేర్చుకోవాలి. కొన్ని నెలలు పడుతుంది."

ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ని ఇంజను అంటారని ఆమెకు పెళ్ళయ్యాకే తెలిసింది. దాన్ని ఎంచుకున్న రోజు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. ఒకే దుప్పటి కప్పుకుని, ఆ ఇంజనుతో చేసిన బొమ్మ ఒకటి చూశారు. అడవిలో వాన, ఆకు చివర వేలాడుతూ చినుకు, ఆ చినుకులో తలకిందులుగా మళ్ళీ అడవి. "ఇదే!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"మనం ఆ వాన చూసి ఇంజను ఎంచుకున్నాం," అంది ఆమె. "మన ఆటలో ఒక్క ఆకైనా ఉందా?"

"గుండీలు మెరుస్తున్నాయి కదా."

"మెరవడానికే పెద్దత్తయ్య ఫోను కాలిపోతోంది. నెలలు పట్టి దారి వేసినా ఆ ఫోనులో తెరుచుకోవద్దా? ఆ రోజు నువ్వు చూపించిన చిన్న ఇంజను ఉంది చూడు. బొమ్మలు చదునుగా ఉంటాయన్నావు, పిల్లల పలకలా ఉందని మూసేశావు. అది ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుందన్నావు కదా? మనలాంటి కొత్తవాళ్ళు ఇలాంటి ఆటలే దాంతో చేశారన్నావు కదా?"

"అన్నాను."

"మనది పరుగుపందెమా? ఒకరు ఆలోచించి ఎత్తు వేస్తే, అది చేరాక ఇంకొకరు ఆలోచించి వేస్తారు. ఉత్తరం రాసుకున్నట్టు. దానికి ఇంత గుర్రం దేనికి?"

"బయట ఒక కంప్యూటరు కావాలి. మధ్యవర్తిలా. ఇక్కడి ఎత్తు అందుకుని అక్కడికి చేరవేస్తుంది. చిన్న ఇంజనుతో అది తేలికే." అతను ఆగాడు. "కానీ ఇప్పటిదాకా చేసిందంతా పారేయాలి. గీసిన గీతతో సహా. ఆ ముత్యపు గుండీ కూడా ఉండదు."

ముత్యపు గుండీ ఆమె పుట్టినరోజుకి అతను చేసిచ్చింది. వెలుతురు పడితే గులాబీ రంగు తిరుగుతుంది.

"తెలుసు," అంది.

"ఎందరో ఆడతారనుకున్నాను. ఊళ్ళకు ఊళ్ళు."

"ముందు ఇద్దరు ఆడనీ."

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అటు తిరిగే, "అమ్మకి ఇప్పుడే చెప్పకు. సరిచేశాక చెబుదాం," అన్నాడు.

"అంతవరకూ ఆవిడ అక్కని తిట్టుకుంటూ ఉండాలా?"

"ఈ ఇంట్లో ఫోను పాడైనా, మిక్సీ పాడైనా అమ్మ నన్నే పిలుస్తుంది. 'మా చంటి చూశాడంటే ఇంక తిరుగులేదు' అని వీధంతా చెబుతుంది. నేను వెళ్ళి ఏమనాలి? నా ఆట గడప దాటదమ్మా అనాలా?"

"మీ ఇష్టం," అంది ఆమె.

అత్తగారి ముందు మీరు, గదిలో నువ్వు. అది వాళ్ళిద్దరి ఒప్పందం. తలుపు వేసున్న గదిలో ఆ 'మీ' విని అతను గిరుక్కున తిరిగాడు. అప్పటికే ఆమె బయటికి వెళ్ళిపోయింది.

అన్నాల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. గరిటె చప్పుడు, గ్లాసు చప్పుడు.

"మా అక్క చిన్నప్పటి నుంచీ అంతే," అన్నారు అత్తగారు ఉన్నట్టుండి. "ఆశ పెట్టి చూస్తూ కూర్చుంటుంది. ఆదివారం కూడా ఫోను పక్కన పెట్టుకుని నవ్వుకునే ఉంటుంది."

కోడలు తల ఎత్తలేదు. ముద్ద కలుపుతూనే ఉంది. కలిపిందే కలుపుతోంది.

"పెద్దమ్మ వచ్చిందమ్మా," అన్నాడు భర్త.

అత్తగారి చెయ్యి ఆగింది.

"వచ్చే ఉంటుంది. నేను చేసిన ఆటలో దారి లేదు. మన ఇంట్లోనే తిరుగుతోంది. ఇద్దరం ఇంట్లో ఆడుకుని బాగుందనుకున్నాం. ఇవాళే తెలిసింది. తప్పు నాది."

"మాది," అంది కోడలు.

తిడతారని ఇద్దరూ కాచుకున్నారు. తిట్టినా బాగుండేది.

"అయితే అక్కడ తను కూర్చుంది," అన్నారు అత్తగారు. "కూర్చుని, నేను రాలేదనుకుంది."

"అమ్మా..."

"ఇన్నాళ్ళకి ఒక్క మెట్టు దిగింది. దిగితే ఇక్కడ తలుపు వేసుంది." ఆవిడ కంచం ముందుకి తోసేశారు. "నోటికొచ్చినట్టల్లా అనుకున్నాన్రా దాన్ని. మిషను మీద కూర్చుని, ఒక్కో కుట్టుకీ ఒక్కో మాట."

చెయ్యి కడుక్కుని వచ్చి టీచరు గౌను తెచ్చి కొడుకు ఒళ్ళో పడేశారు. దాని మీద చిన్న బ్లేడు.

"ఆ కుడిచెయ్యి విప్పు."

చిన్నప్పుడు తప్పు చేస్తే అతనికి అదే శిక్ష. బట్ట చిరగకుండా, ఒక్కొక్క కుట్టే తెంపి, దారప్పోగులు ఏరి పారేయాలి. అతను కిటికీ కింద కూర్చుని మొదలుపెట్టాడు. చెయ్యి సగం ఊడొచ్చాక, పక్కనే కూర్చుని దారాలు ఏరుతున్న భార్యతో తల వంచుకునే అన్నాడు:

"కంప్యూటరులోకి చిన్న ఇంజనే దించు."

ఆమె నవ్వబోయింది. అతని కళ్ళు చూసి ఆపుకుంది. "దించుతున్నా. నువ్వు బ్లేడు జాగ్రత్త," అంది.

పెద్దత్తయ్యకు ఫోను చేయడం అంత తేలిక కాలేదు. రెండు రోజులు ఎత్తలేదు. మూడోరోజు ఎత్తి, "ఏమ్మా, మీ అత్తగారి నోరు పడిపోయిందా, నిన్ను మాట్లాడమని పెట్టింది?" అన్నారు.

కోడలు అంతా చెప్పింది. గేటూ, చుక్కా, ఆసుపత్రీ, అన్నీ. అవతల కత్తెర కచకచ నడుస్తూనే ఉంది.

"కథ బాగుంది. దారి లేకపోవడమేమిటే, ఫోనులో ఇంత స్పష్టంగా నీ గొంతు వస్తుంటే?"

"ఫోనుకి దారి వేసినవాళ్ళు తెలిసినవాళ్ళు పెద్దత్తయ్యా. ఆటకి వేసింది మేము."

కత్తెర ఆగింది. నవ్వారో, నిట్టూర్చారో తెలియలేదు.

"చూడమ్మా. ఆ రోజు కళ్ళజోడు తుడుచుకుని తుడుచుకుని చూశాను. ఈ వయసులో మళ్ళీ అలా చూపించుకోలేను. ఇంకొక్కసారి కూర్చుంటాను. ఆ చుక్క వెలగకపోతే, తప్పు మీ ఇంజనుదైనా, మా చెల్లెలిదైనా నాకొక్కటే. మీ ఇంటి ఫోను ఇంక ఎత్తను."

కోడలు ఆ మాటలు అత్తగారికి చెప్పలేదు. భర్తకి మాత్రం చెప్పింది.

అతను సెలవు పెట్టాడు. చిన్న ఇంజనులో గుండీలు చదునుగా, పిల్లలు సున్నాలు చుట్టినట్టు వచ్చాయి. నాలుగు చిల్లులు పెట్టాక గుండీల్లా కనిపించాయి. టక్కుమనే చప్పుడు కోసం ఆమె నిజం గుండీని బల్ల మీద కొట్టి ఫోనులో పట్టింది. బయటి మధ్యవర్తి కంప్యూటరుకి అతను దారి వేశాడు. ఈసారి ఇంట్లో ఒక్క ఆట కూడా ఆడలేదు. అతను బస్టాపులో నిలబడి ఆడాడు. ఆమె రొట్టె దుకాణం అరుగు మీది నుంచి ఆడింది. గేటు దాటి కూడా చుక్క ఆకుపచ్చగానే ఉంటే ఆమె వీధిలో చిన్న గంతు వేసింది. కిటికీలోంచి ముసలాయన, "దొరికిందా?" అని అరిచాడు. "దొరికిందండీ!" అని అరిచింది.

అత్తగారు తయారైన ఆటని అటూ ఇటూ చూసి, ఒకచోట వేలు పెట్టారు.

"ఈ గుండీ దేనికి? 'నువ్వే ముందు' అని ఉంది."

"మొదటి ఎత్తు పెద్దత్తయ్యదే. కావాలంటే మీకు ఇవ్వొచ్చు. అందుకని పెట్టాను."

"దండగ. అది ఆవిడ ఎన్నడూ నొక్కదు."

ఆదివారం వచ్చింది. అత్తగారు ఈసారి మంచి బట్టలు కట్టుకోలేదు. మెడలో టేపు, చెవి వెనక చాక్ ముక్కతోనే బల్ల ముందు కూర్చున్నారు. కొడుకూ కోడలూ వెనక నిలబడ్డారు. ఆమె వేళ్ళు అతని వేళ్ళను వెతికి పట్టుకున్నాయి. చల్లగా ఉన్నాయి.

చుక్క బూడిదరంగులో ఉంది.

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

చుక్క ఆకుపచ్చగా వెలిగింది.

మొదటి ఎత్తు అక్కది. అత్తగారు చూస్తున్నారు. తెర మీద గుండీ ఏదీ కదల్లేదు. దానికి బదులు కింద అక్షరాలు వచ్చాయి.

నువ్వే ముందు.

అత్తగారు వెనక్కి తిరిగారు. "మీరేమైనా నొక్కారా?"

ఇద్దరూ పట్టుకున్న చేతులు వదిలి చూపించారు.

ఆవిడ కళ్ళజోడు తీసి పీలికతో తుడిచారు. పెట్టుకున్నారు. వేలు గుండీల మీద తారాడింది. చివరికి ఎత్తు వేయకుండా అదే మాట తిప్పి కొట్టారు. నువ్వే ముందు.

మళ్ళీ అటు నుంచి వచ్చింది. నువ్వే ముందు.

మళ్ళీ ఇటు నుంచి వెళ్ళింది.

"ఇలా అయితే ఆట మొదలవదు," అని భర్త గుసగుసలాడాడు. "ఎన్నిసార్లు నొక్కొచ్చో హద్దు పెట్టడం మరిచిపోయాను."

"పెట్టకు," అంది కోడలు.

అత్తగారి పెదవి చివర ఏదో కదిలింది. నవ్వు కావచ్చు. "మొండిది," అన్నారు, మళ్ళీ నొక్కుతూ. "చూడు, ఎంత మొండిదో."

ఈసారి అటు నుంచి ఏమీ రాలేదు. చుక్క ఒకసారి మినుకుమంది. బూడిదరంగులోకి తిరిగింది.

గది ఒక్కసారిగా చల్లబడింది.

"ఏమైందిరా?"

అతను తన ఫోను తీసి చూశాడు. మధ్యవర్తి బాగానే ఉంది. దారి తెరిచే ఉంది. "ఆవిడ ఫోను ఆగిపోయిందో, అక్కడ నెట్ పోయిందో..." మిగతా మాట మింగబోయి, భార్య మొహం చూసి చెప్పేశాడు. "లేకపోతే ఆవిడే మూసేశారో. ఇక్కడి నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయమ్మా."

అత్తగారు కదల్లేదు. ఆవిడ చూపు బల్ల పక్కనున్న గుడ్డపీలికల బుట్ట మీద ఆగింది. కోడలు కూడా ఆ బుట్టనే చూసింది. ఆ మొదటి ఆదివారం ఫోను అందులో పడిన చప్పుడు ఆమె చెవుల్లో ఇంకా ఉంది.

అత్తగారు కాలు చాపి, బుట్టను మెల్లగా బల్ల కిందికి తోశారు. తెర ఆరిపోబోతుంటే చాక్ అంటిన వేలితో ఒకసారి తాకారు.

"అమ్మాయ్," అన్నారు, చూపు తిప్పకుండానే. "ఛార్జరు పట్టుకురా."